పత్తి చేల అప్పు, అరుగు మీద మాట



పురుగును గురించి, ఎరువును గురించి, విత్తనశుద్ధిని గురించి మనం ఎన్నో పర్యాయాలు చెప్పుకొన్నాము. ఈసారి చెప్పబోయేది పైరు వేసిన మనిషికి పట్టే దిగులు సంగతి. వ్యవసాయ శాఖవాడికి ఈ గొడవ ఎందుకని మీరు అనవచ్చును. నేను డిప్లొమా చదువుకొని పొలాల గట్ల వెంట తిరిగే ఉద్యోగిని. డాక్టరును కాను, నిజమే. కాని మన గుంటూరు, ప్రకాశం సీమలలో ఈ దిగులుకు పత్తి చేనుతోను, మిరప కల్లంతోను చుట్టరికం ఉన్నది. ఆ చుట్టరికం ఎట్లా కలిసిందో తెలుసుకొంటే గాని, దానిని విడదీసే దారి తెలియదు. అందుచేత కొంత పాతకథ చెప్పవలసివస్తోంది. ఓపికగా వినండి.

మన నల్లరేగడి భూములలో పత్తి కొత్త పైరేమీ కాదు. కాని మన తాతల నాడు జొన్న, సజ్జ, వేరుశనగ, మిరప, ఆ తరువాత వర్జీనియా పొగాకు, వీటి నడుమ పత్తి ఒక మూల ఉండేది. గుంటూరు పక్కన లాం ఫారం 1922లో వెలిసింది. 1955 డిసెంబరులో నెహ్రూ గారు నాగార్జునసాగరానికి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలారు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి, 1972లో దానికి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. 2022లో మళ్ళీ విడదీసి పల్నాడు, బాపట్ల జిల్లాలు చేశారు. కాగితాల మీద గీతలు ఎన్ని మారినా చేను ఒకటే, చేనుకు పట్టే పురుగూ ఒకటే. కనుక నేను పాత పేర్లతోనే గుంటూరు, ప్రకాశం అంటూ పోతాను.

అప్పు మాటకు వద్దాము. అప్పు కూడా మనకు కొత్త కాదు. 1930 ప్రాంతాలలో ప్రపంచమంతటా ధరలు కూలిపోయినప్పుడు మన రైతులు శిస్తు కట్టలేక, వడ్డీ కట్టలేక అల్లాడారు. అప్పుడేమి జరిగినదో గమనించండి. నిడుబ్రోలు రంగాగారు రైతులను కూడగట్టారు. 1937-38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతు రక్షణ యాత్ర నడిచింది. 1938లో మద్రాసు ప్రభుత్వము వ్యవసాయదారుల రుణ భారం తగ్గించేందుకు చట్టం చేసింది. ఆ చట్టం అందరినీ ఆదుకొన్నదని నేను అనను. భూమిలేని కూలీకి దానివల్ల ఒరిగినదేమీ లేదు. నేను చెప్పదలచినది వేరు. ఆనాడు అప్పు నలుగురి మధ్య మాట్లాడే విషయము. సభ పెట్టి, పాట కట్టి, ఊరేగింపు తీసి చెప్పుకొన్న విషయము. "నాకు అప్పున్నది" అనడానికి రైతు సిగ్గుపడనక్కరలేకపోయింది, ఏలనగా పక్కవాడికీ ఉన్నది.

మరి అదే అప్పు యాభై ఏళ్ళు గడిచేసరికి ఒంటరివాడి గుండెలో ఎట్లా దాక్కొన్నది? ఇదీ అసలు ప్రశ్న.

1970లో సూరత్‌లో హెచ్-4 అనే సంకర పత్తి పుట్టింది. 1972లో ధార్వాడ నుంచి వరలక్ష్మి వచ్చింది. కోయంబత్తూరు నుంచి వచ్చిన ఎం.సి.యు.-5 మన నల్లరేగళ్ళలో బాగా కుదిరింది. పొడుగు పింజ, మంచి ధర. పొగాకుతో విసిగిన రైతు పత్తివైపు మళ్ళాడు. పత్తి డబ్బుతో పిల్లలను చదివించిన ఇళ్ళు, మిద్దెలు కట్టిన ఇళ్ళు మన ఊళ్ళలో ఎన్ని లేవు? పత్తిని తిట్టడం ఈమధ్య ఒక అలవాటైపోయింది గాని, ఆ పైరు తెచ్చిన కలిమి కూడా నిజమే. పత్తికి పేరొచ్చేకొద్దీ కౌలు పెరిగింది. కౌలు పెరిగేకొద్దీ పెట్టుబడి పెరిగింది. పెట్టుబడికి బ్యాంకు చాలలేదు. మందుల కొట్టువాడు అరువిచ్చాడు. ఇక్కడ కొంచెం ఆగండి. ఏ మందు కొట్టాలో చెప్పేవాడు ఆయనే, మందు అమ్మేవాడు ఆయనే, అప్పిచ్చేవాడు ఆయనే, కొన్నిచోట్ల పత్తి కొనేవాడు కూడా ఆయనే అయినాడు. ఒక మనిషి నాలుగు వేషాలు కట్టితే రైతు ఎవరితో బేరమాడుతాడు?

1980 తరువాత సింథటిక్ పైరిత్రాయిడు మందులు వచ్చినవి. మొదట బ్రహ్మాండంగా పనిచేసినవి. కొట్టిన సాయంత్రానికే పురుగులు రాలుతుంటే ఎవరికి మాత్రం ముచ్చట వేయదు? కాని ఆ మందులు చేలోని అక్షింతల పురుగులను, ఇతర మిత్ర కీటకాలను కూడా తుడిచిపెట్టినవి. తెల్లదోమకు అడ్డు లేకపోయింది. 1985 నుంచి 1987 దాకా గుంటూరు, ప్రకాశం పత్తి చేలలో తెల్లదోమ విరుచుకుపడింది. ఆకు అడుగున చేరి రసం పీల్చింది; అది వదిలిన జిగురు మీద మసి బూజు పెరిగి ఆకు నల్లబడ్డది, పింజ నల్లబడ్డది. దీనికి తోడు శనగపచ్చ పురుగు. 1987లో ఆ పురుగు మందులకు లొంగడం మానివేసింది. తరువాత శాస్త్రజ్ఞులు పరీక్ష చేస్తే, దానికి పైరిత్రాయిడు మందులను తట్టుకొనే శక్తి వచ్చినట్లు తేలింది. రైతుకు ఆ సంగతి తెలియదు. మందు పనిచేయకపోతే ఇంకొక మందు, రెండూ చాలకపోతే రెండూ కలిపి. ఒక్క పైరు మీద ఇరవై సార్లు, అంతకు మించి కూడా కొట్టిన రైతులున్నారు. దేశం మొత్తం సాగుభూమిలో పత్తి నూటికి అయిదు వంతులే గాని, పురుగుమందులలో సగం దాకా ఆ పైరే తాగేదని ఆ రోజుల లెక్క.

1987-88లో పైరు పోయింది. అప్పు మిగిలింది. ఆ ఏడాదే మన రెండు జిల్లాల పత్తి రైతులు వరుసగా ప్రాణాలు తీసుకొన్నారు. ఆంధ్రదేశంలో "రైతు ఆత్మహత్యలు" అనే మాట పత్రికలకు ఎక్కినది అప్పుడే. నేను పుట్టకముందు సంగతి ఇది. పెద్దలు చెప్పగా విన్నాను, చదివి తెలుసుకొన్నాను. ఒక్క మాట గమనించండి. ఆ ఏడు పైరు పోయిన రైతులు వేలకు వేలు. వారిలో నూటికి తొంభైతొమ్మిదిమందికి పైగా బతికి, మళ్ళీ విత్తనం వేసి, మెల్లగా అప్పు తీర్చుకొన్నారు. కనుక పైరు పోవడమే చావుకు కారణమని, అప్పు ఒక్కటే కారణమని తేల్చడం సరికాదు. పైరు నష్టం, అప్పులవాడు నలుగురిలో అన్నమాట, నిద్ర లేకపోవడం, తాగుడు, ఇంట్లో చెప్పుకోలేకపోవడం, లోపల ఎప్పటినుంచో ఉన్న మనోవ్యాధి, చేతికందే దూరంలో విషం: ఇవన్నీ ఒక్క రాత్రి కలిసినప్పుడు ప్రమాదం. వీటిలో ఏ ఒక్కటి తప్పించినా మనిషి తెల్లవారేదాకా నిలుస్తాడు. తెల్లవారితే ఆలోచన మారవచ్చును. ఇది ఓదార్పు మాట కాదు. అటువంటి ఉద్రేకం ఎక్కువమందిలో కొద్ది గంటలలోనే తగ్గుతుందని వైద్యులు చెబుతున్నారు.

అయితే 1987-88లో ప్రభుత్వంవారు, మా శాఖవారు, పత్రికలవారు ఏమి మాట్లాడుకొన్నారు? పురుగును గురించి మాట్లాడారు. కల్తీ మందులను గురించి మాట్లాడారు. పసుపు అట్టలకు ఆముదం రాసి చేలో పెట్టమన్నారు. పైరిత్రాయిడు మందులు తగ్గించమన్నారు. పైరు మార్పిడి చేయమన్నారు. అన్నీ మంచి సలహాలే. మనిషి మనసును గురించి మాత్రం ఎవరూ ఎత్తలేదు. "పిచ్చి" అన్న మాట తప్ప మనకు ఆ విషయంలో వేరే మాటే లేకపోయింది. దిగులుకు వైద్యం ఉన్నదని చెప్పే మనిషి పల్లెలో లేడు.

కథ అక్కడ ఆగలేదు. గుంటూరు రైతులు పత్తిని నమ్ముకొని వరంగల్లు, ఆదిలాబాదు, రాయచూరు దాకా వలస పోయి భూములు కొన్నారు, కౌలుకు తీసుకొన్నారు. అక్కడివారూ చూసి పత్తి వేశారు. 1997-98లో వరంగల్లు జిల్లాలో లద్దె పురుగు, శనగపచ్చ పురుగు కలిసి వచ్చినవి. పదేళ్ళ క్రిందట మన దగ్గర జరిగినదే అక్కడ ఇంకా పెద్దదిగా జరిగింది. దేశమంతా అప్పుడు నివ్వెరపోయింది. 1987 సంగతి మనం నలుగురికీ సరిగా చెప్పి ఉంటే, పది సంవత్సరాల తరువాత అదే తప్పుదారి అక్కడ పునరావృతమయ్యేదా అని నాకు అనుమానము.

2002లో బి.టి. పత్తికి అనుమతి వచ్చింది. మందులు కొంతకాలం తగ్గినవి. విత్తనం ఖరీదు పెరిగింది. 450 గ్రాముల పొట్లం పదహారు వందలకు పైగా అమ్మగా, మన రాష్ట్రప్రభుత్వము పట్టుబట్టి 2006లో దానిని 750 రూపాయలకు దించింది. కొన్నేళ్ళకు గులాబీ రంగు పురుగు బి.టి.ని కూడా తట్టుకొన్నది. పురుగుకూ మనకూ ఈ పరుగుపందెం తెగేది కాదు.

2004 జూన్‌లో రాష్ట్రప్రభుత్వము మొదటిసారి ఒక పద్ధతి ప్రకారం సహాయం ప్రకటించింది. ప్రాణం తీసుకొన్న రైతు కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి 50 వేలు. అది 2015లో అయిదు లక్షలు, 2019లో ఏడు లక్షలు అయినది. ఆ డబ్బు అవసరమే. దిక్కులేని ఆలుబిడ్డలకు అది అన్నం. కాని ఆ విచారణ తీరు మీకు తెలుసు. రెవెన్యూవారు, పోలీసువారు, వ్యవసాయ శాఖవారు కలిసి ఇంటికి వెళ్ళి, చచ్చిపోయినవాడు నిజంగా రైతేనా, అప్పు నిజంగా సేద్యం అప్పేనా, కాగితాలు ఏవీ అని అడుగుతారు. పసుపు కుంకుమలు పోయిన మనిషిని గడపలో నిలబెట్టి ప్రోనోట్లు చూపమనడం! నిబంధన నిబంధనే, కాదనను. కాని మా శాఖ మనిషి ఆ గడప తొక్కేది విత్తనాల వేళ ఒకసారి, విచారణ వేళ ఒకసారి అయితే, నడుమ ఉన్న ఆరునెలలు ఎవరివి?

పైగా కౌలుదారు సంగతి ఉన్నది. మన వైపు పత్తి, మిరప వేసేవారిలో చాలామంది కౌలుదారులే. భూమి కాగితం ఒకరిది, చెమట ఇంకొకరిది. కాగితం లేదు గనుక బ్యాంకు అప్పు లేదు, పంట బీమా లేదు, చివరకు చనిపోయినా రైతు అన్న పేరు కూడా లేదు. 2011లో కౌలుదారులకు గుర్తింపు కార్డుల చట్టం వచ్చింది, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. రెండవదానిలో భూమి యజమాని సంతకం కావాలన్నారు. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయము. ఆ భయం అర్థం లేనిదని మేము ఎంత చెప్పినా వినరు. యజమానులారా, మీరు ఈ పేజీ చదువుతూ ఉంటే నా మనవి: ఆ కార్డు పంట మీద హక్కు మాత్రమే ఇస్తుంది, మీ భూమి మీద కాదు. ఒక సంతకం మీకు నష్టం లేదు.

ఇక మిరప. పత్తి బాధ పడలేక మిరపకు మళ్ళినవారున్నారు. మిరపలో ఎకరానికి రెండు లక్షలు దాటి పెట్టుబడి. కౌలుదారుకు ఇంకా ఎక్కువ. 2017 వేసవిలో గుంటూరు యార్డులో ధర పడిపోతే కేంద్రంవారు క్వింటాలుకు 5,000 రూపాయలు అని జోక్యం చేసుకొన్నారు. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి పూత పూతనే ఎండగొట్టింది. పైరు పీకి పారేసినవారు ఎందరో. 2025లో మళ్ళీ ధర పడి, క్వింటాలుకు 11,781 రూపాయలు అని మరొకసారి జోక్యం. 1987లో తెల్లదోమ, 2021లో తామర పురుగు. పురుగు పేరు మారింది, కొట్టు ఖాతా మారలేదు.

మనసు వైద్యం మాట ఏమయింది? ఆ కథ వేరుగా నడిచింది. 1982లో దేశంలో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం ప్రారంభించారు. బెంగుళూరు నిమ్‌హాన్స్‌వారు బళ్ళారి జిల్లాలో, పెద్ద ఆసుపత్రికి పోనక్కరలేకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఈ వైద్యం చేయవచ్చునని చేసి చూపారు. 1996 నుంచి జిల్లాల వారీగా ఆ పని మొదలయింది. బళ్ళారి మనకెంత దూరం? కాని ఆ వైద్యం మన పత్తి ఊళ్ళకు చేరలేదు. అదొక శాఖ, మేమొక శాఖ. ఇద్దరమూ ఒకే ఊరికి వేరువేరు దారుల్లో పోయినట్లున్నది.

చట్టం కూడా అడ్డు తగిలింది. పాత శిక్షాస్మృతి 309వ సెక్షను ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించడం నేరము. అందుచేత బతికి బయటపడ్డవాడిని కూడా ఇంటివారు "పొరపాటున తాగాడు, మందు కొడుతూ గాలి పడింది" అని రాయించేవారు. గాలి పడిందని రాసినవాడికి మనసు వైద్యం ఎవరు చేస్తారు? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చి, అటువంటి వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడని భావించాలి, అతనికి వైద్యం, ఆదరణ ఇవ్వడం ప్రభుత్వం విధి అని చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త న్యాయసంహితలో ఆ పాత సెక్షను లేదు. కనుక ఇప్పుడు దాచవద్దు. డాక్టరుగారికి నిజం చెప్పండి. ఎటువంటి విషం లోపలికి పోయినా, ఉప్పునీళ్ళు పోయడం, వాంతి చేయించడం, మంత్రం వేయించడం అంటూ కాలయాపన చేయక, 108కి ఫోను చేసి వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. మందు డబ్బా గాని దాని మీది చీటీ గాని వెంట తీసుకుపోవాలి.

మాట్లాడితే ఏమి ఒరుగుతుంది అని ఒక పెద్దాయన నన్ను అడిగారు. మంచి ప్రశ్నే. విదర్భలో అమరావతి జిల్లా అని ఒకటున్నది. మన గుంటూరు అమరావతి కాదు, మహారాష్ట్రలోది. అదీ పత్తి జిల్లాయే. అక్కడ 30 గ్రామాలలో పద్దెనిమిది నెలలపాటు ఒక ప్రయత్నం జరిగింది. ఊరివారినే తర్ఫీదు చేసి, చిన్న చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, దిగులు జబ్బును గురించి మాట్లాడించారు. అవసరమైనవారిని డాక్టరు దగ్గరకు పంపారు. మొదట దిగులు జబ్బుతో బాధపడేవారిలో నూటికి నలుగురే వైద్యానికి పోయేవారు. చివరకు నూటికి 27 మంది పోయారు. చావాలన్న ఆలోచన వచ్చిందని చెప్పినవారి సంఖ్య సగానికి దిగింది. మన పశ్చిమగోదావరి గ్రామాలలో కూడా ఆశా కార్యకర్తల చేత ఇటువంటి పనే చేయిస్తే, నూటికి ఒకరు కూడా వైద్యానికి పోనిచోట పన్నెండుమంది పోయారు. నూటికి 27, నూటికి పన్నెండు చాలా తక్కువే. కాని కొత్త ఆసుపత్రి కట్టకుండా, కూర్చుని మాట్లాడినందువల్ల వచ్చిన ఫలితం అది. వికారాబాదులో 2017లో కిసాన్‌మిత్ర అని ఒక ఫోను కేంద్రం పెట్టి, రైతు బాధ వినడమే కాక అతని పాసుపుస్తకం, బీమా, బ్యాంకు చిక్కులు కూడా ఆఫీసుల చుట్టూ తిరిగి తీర్చే ఏర్పాటు చేశారు. నాకు అది బాగా నచ్చింది. అప్పులో మునిగినవాడికి ఓదార్పు ఒక్కటే ఇస్తే, ఆకలిగొన్నవాడికి విసనకర్ర ఇచ్చినట్లుంటుంది.

నిజానికి గుంపుగా కూర్చోవడం మనకు తెలిసిన విద్యే. 1956లో పూనా ప్రాంతపు గ్రామాలలో ఆకాశవాణి, యునెస్కో కలిసి రేడియో గోష్ఠులు నడిపినవి. ఇరవైమంది రైతులు రేడియో చుట్టూ చేరి, విని, తరువాత తమలో తాము చర్చించి, తీర్మానాలు చేసుకొన్నారు. అది చూసి దేశమంతటా ఆ గోష్ఠులు పెట్టారు. విత్తనం మీద గోష్ఠి పెట్టగలిగినవాళ్ళం, మనిషి మీద పెట్టలేమా?

విషం సంగతి కూడా చెప్పాలి. శ్రీలంకలో 1995 నాటికి ఆత్మహత్యలు లక్షమందికి 47 దాకా ఉండేవి. ఆ ప్రభుత్వము అతి ప్రమాదకరమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించుకొంటూ వచ్చింది. 2005 నాటికి ఆ లెక్క సగానికి పడిపోయింది. పంటల దిగుబడి మాత్రం తగ్గలేదు. మన దేశంలోనూ 2011లో ఎండోసల్ఫాను, 2018 ఉత్తర్వుతో మరికొన్ని మందులు నిషేధింపబడినవి. ఇంటింటికీ తాళం పెట్టెలు పంచితే సరిపోదా అంటారేమో, శ్రీలంకలోనే 180 గ్రామాలలో అదీ చేసి చూశారు. చెప్పుకోదగ్గ ఫలితం కనబడలేదు. తాళంచెవి ఇంట్లోనే ఉంటుంది కద! తమిళనాడులో కాట్టుమన్నార్‌కోయిల్ వైపు స్నేహ సంస్థవారు వేరే దారి తొక్కారు. ఊరికంతటికీ ఒకచోట, బ్యాంకు లాకర్ల మాదిరి అరలు కట్టించి, మందులు అక్కడ పెట్టించారు. మంచి ఫలితం కనబడింది, చిన్న ప్రయత్నమే అయినా. మనకు అది లేదు గనుక, నా సలహా ఇది: ఏ రోజు కొట్టవలసిన మందు ఆ రోజే తెచ్చుకోండి. మిగిలిన మందు ఇంట్లో ఉంచవద్దు. ఇంట్లో ఎవరైనా దిగులుగా ఉన్నప్పుడు ఈ నియమం మరీ గట్టిగా పాటించండి. పురుగు పట్టిన తరువాత మోతాదు చూసి కొడితే మందు ఖర్చూ తగ్గుతుంది.

దిగులుగా ఉన్నవాడిని ఎట్లా గుర్తుపట్టాలి? నిద్ర పట్టదు, లేదా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది. తిండి సయించదు. రోజూ టీ కొట్టు దగ్గరకు వచ్చేవాడు మానేస్తాడు. చేను చూడడానికి పోడు. తాగుడు ఎక్కువవుతుంది. ఉన్నట్టుండి లెక్కలన్నీ చక్కబెట్టి, పిల్లలను ఎవరికో అప్పజెప్పినట్లు మాట్లాడుతాడు. "నేను లేకపోతే మీరే సుఖపడతారు" అంటాడు. ఆ మాట వేళాకోళమని కొట్టిపారేయకండి.

మాట ఎట్లా కలపాలి? వరసపెట్టి పిలుస్తాము కద, అట్లాగే. "బాబాయ్, నాలుగు రోజులనుంచి కనబడటంలేదు, ఒంట్లో బాగుందా?" అని మొదలుపెట్టండి. గట్టు మీద పక్కన కూర్చోండి, ఎదురుగా నిలబడి అడగవద్దు. తరువాత సూటిగానే అడగండి: "బాబాయ్, బతకాలని లేదన్న ఆలోచన ఏమైనా వస్తోందా?" ఇట్లా అడిగితే లేని ఆలోచన కలిగించినట్లవుతుందని చాలామందికి భయం. అది పొరపాటని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు స్పష్టంగా చెప్పారు. అడిగినందువల్ల బరువు దిగుతుంది. అవునంటే బెదిరిపోకండి, కోప్పడకండి. "మగాడివై ఉండి ఏమిటిది", "నీకంటే బాధలు పడ్డవాళ్ళు లేరా" వంటి మాటలు వద్దు. ఒంటరిగా వదలకండి. ఇంట్లో మందు డబ్బాలుంటే బయటికి తీయించండి. ఫోనులో 14416 నొక్కండి; అది టెలి-మానస్, 2022 అక్టోబరులో ప్రారంభమయింది, రాత్రింబవళ్ళు ఉంటుంది, డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడవచ్చును. ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోండి. మాత్రలు రాస్తే, రెండు మూడు వారాలు గాని గుణం కనబడదు. రెండు రోజులకే పనిచేయలేదని మానిపించకండి.

ఆడవారి సంగతి వేరే చెప్పాలి. భర్త పోయిన తరువాత అప్పు ఆమె మెడకు చుట్టుకొంటుంది, సేద్యం ఆమె భుజాన పడుతుంది; కాని ఆమెను "రైతు" అని ఎవరూ అనరు. డ్వాక్రా సంఘాల కూటములలో పొదుపు లెక్క అయిన తరువాత పది నిమిషాలు ఈ మాటకు కేటాయించండి. మగవారి అరుగు మీద నోరు విప్పని సంగతులు అక్కడ బయటికి వస్తాయి.

కూర్చోవడానికి వేళ కూడా చూసుకోవాలి. అప్పులవాళ్ళు తిరిగేది కల్లాలు ఎత్తే రోజులలో, కౌలు లెక్కలు తేలేది ఉగాది చుట్టుపక్కల. కనుక మిరప టిక్కీలు యార్డుకు పోకముందే ఒక రాత్రి, భోజనాలు అయిన తరువాత, రామాలయం అరుగు మీదనో, బడి ఆవరణలోనో చేరండి; మాలపల్లె, మాదిగపల్లె కూలీలకు, కౌలుదారులకు అరుగు మీద చోటు ఉండేచోటనే చేరండి. రైతు సేవా కేంద్రంలోని మావాళ్ళను పిలవండి, ఆశా కార్యకర్తను పిలవండి. మందుల కొట్టు యజమానిని కూడా తప్పక పిలవండి. ఈ ఏడు ఎవరి ఖాతా తెగలేదో, ఎవరు కొట్టు ముందునుంచి తల వంచుకొని పోతున్నారో ఊళ్ళో అందరికంటే ముందు తెలిసేది ఆయనకే.